మత్తయ్య సారు జేబులో గింజలు

నాలుగింటికి బడి వదిలాక మత్తయ్య సారు గదులకు తాళం వేసి, తాళంచెవి బడిలో వంటచేసే జానకి ఇంట్లో ఇచ్చి, బండి స్టార్ట్ చేస్తాడు. తండా దాటి రెండు కిలోమీటర్లు వస్తే సాగర్ కాలువ మీద వంతెన ఉంది. అక్కడ ఆగుతాడు. ముందూ వెనకా చూసుకొని, చొక్కా జేబులో చెయ్యిపెట్టి గుప్పెడు చింతగింజలు తీసి నీళ్లలోకి జారవిడుస్తాడు. జేబు తిరగేసి దులుపుకుంటాడు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కోదాడ దారి పడతాడు. చూసినవాళ్లు సారుకు కాలువ నీళ్లంటే ఇష్టం కాబోలు అనుకుంటారు.

నిజానికి జేబులో చింతగింజలుంటే తలవంపులేమీ లేవు. ఈ చుట్టుపక్కల అందరి జేబుల్లోనూ ఉండేవే. అడగాలనుకున్న మాట నోటిదాకా వచ్చి, పెదవి దాటకుండా వెనక్కి పోయిందనుకోండి, అది చింతగింజై దగ్గరున్న జేబులో పడుతుంది. జేబు లేనివాళ్లకు కొంగు ముడిలోనో, చేతిసంచిలోనో పడుతుంది. ఎన్నేళ్లకైనా ఆ మాట అడగాల్సిన మనిషిని అడిగేస్తే గింజ మాయమైపోతుంది. అడగకపోతే అట్లాగే ఉంటుంది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే కాబట్టి దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు. దవాఖానలో డాక్టరు గది బయట గింజలు పారబోసుకోవడానికి ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి ఉంటుంది. గ్రామసభ ముగిశాక ఊడ్చే ఆమె చీపురుతో పాటు చాట కూడా తెచ్చుకుంటుంది. మొన్న ఎండాకాలం సూర్యాపేటలో టీచర్లకు ఏదో కొత్త యాప్ మీద ట్రైనింగ్ పెట్టారు. రెండు వందల మంది పంతుళ్లు రెండు రోజులు కూర్చుని, "డౌట్స్ ఏమన్నా ఉన్నయా?" అని అడిగినప్పుడల్లా లేవన్నట్టు తలలూపారు. మూడోరోజు ఆ హాలు ఊడ్చినవాళ్లకు అరబస్తా గింజలు దొరికాయి.

మరి మత్తయ్య సారుకు దాచుకోవాల్సిన అవసరమేమొచ్చిందంటే, ఆయనకు మొదటి ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క గింజ కూడా పడలేదు. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు. "నాకు తెల్వదు బిడ్డా, తెలుసుకొని ఎల్లుండి చెప్త" అని ఒకటో తరగతి పిల్లకు కూడా చెప్పేవాడు, ఎల్లుండి తప్పకుండా చెప్పేవాడు. ఆయన జేబులో చాక్‌పీసు ముక్కలు, ఒక ఎర్ర పెన్ను తప్ప మరేవీ ఉండేవి కావు. తోటి పంతుళ్లు ఆ జేబును చూసి కొంచెం కుళ్లుకునేవాళ్లు కూడా.

మూడేళ్ల కిందట చెవులు మొరాయించాయి. మొదట ఫ్యాను చప్పుడు వినపడటం మానేసింది, తర్వాత బడిగంట, ఆ తర్వాత పిల్లలు. ట్రైనింగ్ ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి ఖమ్మం పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. నరం బలహీనపడిందన్నారు. చెవిలో పెట్టుకునే మిషన్ ఒకటి కొనుక్కున్నాడు. అది బడిలో రేకుల మీద కోతి దూకిన చప్పుడూ, పళ్లేల మోతా, పిల్లల మాటలూ అన్నీ కలిపి ఒక్క కుప్పగా చెవిలో పోసేది. అప్పుడప్పుడు ఈల కూడా వేసేది. వారం రోజులు తంటాలు పడి దాన్ని బీరువాలో పెట్టేశాడు.

ఎవరికీ చెప్పలేదు. పాఠాలన్నీ నోటికొచ్చినవే కాబట్టి చెప్పడానికి చెవులతో పనిలేదు. పిల్ల ఏదైనా అడిగితే పెదాల కదలిక చూసి అందినంత అందుకునేవాడు, అందకపోతే "శభాష్, మంచిగ అడిగినవ్, కూసో" అనేసేవాడు. "ఏమన్నవు బిడ్డా? ఇంకోసారి చెప్పు" అన్న మాట ప్రతిసారీ గొంతులోకి వచ్చేది. చెవిటి సారు అన్న పేరు తండా దాటి మండలం దాకా పోతుందని భయపడి దాన్ని మింగేసేవాడు. జేబులో టక్కున ఒక గింజ పడేది. కొన్నాళ్లు రోజుకు ఐదారు, తర్వాత పిల్లలు తమలో తాము మాట్లాడుకున్నప్పుడల్లా పడి ముప్పై, నలభై. అవే సాయంత్రానికి కాలువ పాలయ్యేవి.

ఇంట్లోనూ అదే నాటకం. ఆయన భార్య ఏసమ్మ ముందు గదిలో కూర్చుని జాకెట్లు కుడుతుంది. వెనక నుంచి పిలిస్తే ఆయన పలకడు. ఆమె మిషన్ ఆపి, లేచి, ఎదురుగా వచ్చి నిలబడి, అదే మొదటిసారి అంటున్నట్టు మళ్లీ అంటుంది: "ఏమయ్యా, టీ పెట్టాల్నా?" ఆయన తలూపుతాడు. ఆమె కొంగు ముడిలో మూడేళ్లుగా ఒకే ఒక్క గింజ ఉంది. ఆయన దాన్ని చూశాడు, ఏం ప్రశ్నో అడగలేదు. ఆ అడగనిదానికీ ఒక గింజ పడింది.

బడిలో ఇరవై ముగ్గురు పిల్లలు. మూడేళ్లలో వాళ్ల జేబులు కూడా ఉబ్బిపోయాయి. ఇన్‌స్పెక్షన్ ఫారంలో "విద్యార్థుల జేబులలో గింజలు" అని ఒక గడి ఉంటుంది. ఆఫీసర్లు వచ్చే రోజు పొద్దున పిల్లల చేత జేబులు ఖాళీ చేయించి "లేవు" అని రాసుకునే బళ్లు చాలా ఉన్నాయి. మత్తయ్య సారుకు ఆ పని చేతకాదు. "ఉన్నవి" అని రాశాడు. అట్లా రాసినందుకు మెమో కూడా అందుకున్నాడు.

జూన్‌లో బళ్లు తెరిచాక ఒకరోజు తండా పెద్ద రెడ్యా మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. మనవడి పేరు వీరేందర్, రెండో తరగతి, అందరూ వీరూ అంటారు.

"సారూ, జర మావోని నిక్కరు సూడుండ్రి," అన్నాడు రెడ్యా, వాడి నడుము దగ్గర పట్టుకొని. "మొలతాడు కడితే తెగుతది, బెల్టు పెడితే జారుతది. గింజల బరువు. పిల్లగాడు నడుస్తుంటే గలగల అంటది. మీరు మంచోళ్లే, నేను కాదంటలే. గని గింజలు గిట్ల పెరిగితే సదువు ఏమొస్తదో మీరే చెప్పుండ్రి. వచ్చే ఏడు కోదాడ బడి బస్సు ఎక్కిద్దామని మా ఇంట్ల అనుకుంటున్నరు. ఇంకో ఆరుగురు కూడ పోతరు."

రెడ్యా గట్టిగా, ఎదురుగా నిలబడి మాట్లాడతాడు కాబట్టి ప్రతి మాటా అర్థమైంది. ఏడుగురు పోతే పదహారు మంది మిగులుతారు. ఆ పదహారు మంది జేబులు కూడా నిండే ఉన్నాయి. తన చెవుల వల్ల పిల్లల చదువు ఆగిపోతోందన్న సంగతి ఆయనకు ఇదివరకే తెలుసు, ఆ రోజు దాన్ని ఇంకొకరి నోట విన్నాడు.

కోదాడలో డీటీపీ షాపుకు పోయి స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు కొట్టించుకున్నాడు. "ఆరోగ్య కారణముల వలన" అని ఉంది అందులో. ఎంఈవో ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ వచ్చే సోమవారం దాటి పైసోమవారం తెచ్చిస్తానని చెప్పాడు. అవతల ఏమన్నారో వినపడక "సరే సరే" అని పెట్టేశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచాడు. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. పింఛను వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ తొమ్మిదింటికి ప్రార్థన గంట కొట్టే వేళకు తను ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడో తలుచుకుంటే ఆయనకు గుండెలో భయం పుట్టేది. పిల్లలంటే ఆయనకు ప్రాణం. వాళ్ల గొంతులు మళ్లీ వినకుండానే వెళ్లిపోతున్నానని ఏడుపు కూడా వచ్చింది.

ఆ బడిలో రెండో టీచరు నవనీత. మిర్యాలగూడ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. ఆ వారం ఆమె ఒక సంచితో దిగింది. తండా నుంచి హైదరాబాదు పోయి పనిచేసుకునే పిల్లలు చందాలేసుకొని కొనిచ్చిన టీవీ ఒకటి బడిలో దుమ్ము పట్టి ఉంది. దాన్ని తుడిచి మేకుకు తగిలించింది. తను వాడటం మానేసిన పాత ఫోన్‌ను దానికి కలిపింది. సంచిలోంచి గోరంత మైకు తీసింది.

"మూడు వందల యాభై సార్ ఇది. వీడియోలు చేసెటోళ్లు కాలరుకు పెట్టుకుంటరు చూడండి, గదే. దీంట్ల మాట్లాడితే..." అంటూ టీవీ వైపు తిరిగింది. మిగతా మాటలు ఆయనకు అందలేదు. అలవాటుగా "శభాష్" అన్నాడు.

ఒకటీ రెండూ తరగతుల పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, వీరూ కాలరుకు మైకు తగిలించి, "నిన్న మీ ఇంట్ల ఏమైంది, చెప్పురా" అంది నవనీత. వీరూ సిగ్గుపడి నిక్కరు పైకి లాక్కున్నాడు. పెదాలు కదిలాయి. టీవీ మీద నల్లటి తెర, దాని మీద తెల్లటి పెద్ద అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడ్డాయి.

"మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నాది."

వీరూ నోరు తెరుచుకొని తన మాటల్ని తనే చూసుకున్నాడు. దగ్గరికి పోయి "మేక" అన్న మాటను వేలితో తాకాడు. పుస్తకంలో ఉన్న ఆవు కథను నిరుటి నుంచీ కూడబలుక్కోలేని పిల్లవాడు, తన మేకను మాత్రం ఒక్క గుక్కలో చదివేశాడు. ఇంకేముంది, నాదంటే నాదని పిల్లలు మైకు కోసం ఎగబడ్డారు. ఆ వారమంతా వాచకం మూలన పడి, పిల్లలు చెప్పిన మాటలే పాఠాలయ్యాయి. వాటినే చదివారు, పలకల మీద రాశారు, ఒకరి మాట ఒకరు దిద్దారు.

రెడ్యా కూడా చూడటానికి వచ్చి, మైకు పట్టుకొని లంబాడీలో నాలుగు మాటలు చెప్పాడు. టీవీ ఏవో తలాతోకా లేని మాటలు రాసింది. పిల్లలు విరగబడి నవ్వారు. "మా మాట దీనికి రాదు, దీని రాత నాకు రాదు. ఇద్దరం సరిపోయినం," అన్నాడు రెడ్యా. నవనీత చాక్‌పీసు తీసుకొని, తాత అసలేమన్నాడో పిల్లల్నే అడిగి, బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాసింది. మిషన్‌కు రానిది తమకు వచ్చని పిల్లలు ఆ రోజంతా గొప్పలు పోయారు.

ఇదంతా జరుగుతుంటే మత్తయ్య సారు వెనక బల్ల దగ్గర హాజరుపట్టీ నింపుతున్నాడు. తలెత్తి టీవీ చూశాడు. ఐదో తరగతి రమ్య, అంటే వంటచేసే జానకి కూతురు, చిన్నపిల్లల దగ్గర అందుకున్న మైకు చేతిలో ఉందన్న సంగతి మరిచి పక్క పిల్లతో ఏదో అంటోంది. తెర మీద వచ్చింది: "ఇయ్యాల మా అమ్మ పప్పుల ఉప్పు రెండుసార్లేసింది. సార్‌కు చెప్పకు, ఊకె తినేస్తడు పాపం."

ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. మూడేళ్ల తర్వాత తన బడిలో పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకు తెలిసింది. లేచి బడి వెనక్కి పోయి, గోడకు ఆనుకొని, కళ్లు తుడుచుకొని, ముక్కు చీదుకొని వచ్చాడు. మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చుని సాయంత్రం దాకా తెర మీంచి చూపు తిప్పలేదు. మేకల గురించీ, మిరప తోట గురించీ, ఎవరి అక్కకు పిల్ల పుట్టిందో, ఎవరి నాన్న ఫోన్ పగలగొట్టాడో అన్నీ చదువుకున్నాడు. ఆ రోజు హాజరుపట్టీలో రాని పిల్లకు కూడా హాజరు వేశాడు.

"మీ క్లాసుకు కూడ పెట్టాల్నా సార్?" అని ఎదురుగా వచ్చి అడిగింది నవనీత.

"నా గొంతు తండా చివరిదాక ఇనపడతదమ్మా. నాకు మైకెందుకు?" అన్నాడు.

ఆమె ఇంకేదో అడగబోయి ఆగింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒక గింజ పడింది. సారు లెక్క సారుది: మైకు పెట్టమంటే ఎందుకని అడుగుతారు, ఎందుకని అడిగితే చెవుల సంగతి చెప్పాలి. ఎట్లాగూ సోమవారం కాగితం ఇచ్చేస్తున్నప్పుడు ఇప్పుడెందుకు ఆ రట్టు అనుకున్నాడు మత్తయ్య సారు. కానీ ఆ నాలుగు రోజులూ నవనీత పాఠం చెప్పే గంట కోసం చిన్నపిల్లవాడిలా ఎదురుచూశాడు.

శుక్రవారం నవనీత సూర్యాపేటకు ట్రైనింగ్‌కు పోయింది. పాత ఫోనూ మైకూ బడిలోనే ఉంచి పోయింది. ఐదు తరగతుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి మత్తయ్య సారు నీళ్ల పాఠం మొదలుపెట్టాడు. టీవీని రమ్య తనంతట తనే పెట్టింది, ఆ రోజు మైకు వంతు వీరూది కాబట్టి వాడి కాలరుకు తగిలించింది. సారు వద్దనలేదు, టీవీకి వీపు చేసి నిలబడ్డాడు. కృష్ణ నీళ్లు ఎక్కడ పుడతాయో, సాగర్‌లో ఎట్లా ఆగుతాయో, కాలువలోకి ఎట్లా వస్తాయో చెప్తున్నాడు. మన పొలాలకు వచ్చే నీళ్లు ఎంత దూరం నడిచి వస్తాయో లెక్క చెప్తున్నాడు.

మూడో వరసలో వీరూ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పక్కనున్న రమ్య వాడి చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. వాడు నోరు మూసుకున్నాడు. ఆ మింగేసిన ప్రశ్న గింజై నిక్కరు జేబులో పడింది. ఆ జేబు ఎప్పుడో నిండిపోయింది. కుట్టు పటపటమని పిగిలి, నిరుటి నుంచి పోగైన గింజలు బండల మీద కుప్పగా పడి, బల్లల కిందికి, గుమ్మం దాకా దొర్లాయి.

వీరూ ఏడుపు లంకించుకున్నాడు. సారు గబగబా దగ్గరికి వచ్చాడు. రమ్య మోకాళ్ల మీద కూర్చుని గింజలేరుతూ, వాడి చెవి దగ్గరికి మొహం పెట్టి ఏదో గుసగుసలాడింది. చెవి పక్కనే కాలరు ఉంది. సారు వాడి కళ్లు తుడవబోతూ, మిగతా పిల్లలంతా తన వెనక్కి చూస్తున్నారని గమనించాడు. అందరి మొహాల్లోనూ భయం ఉంది. వెనక్కి తిరిగాడు.

తెర మీద ఉంది: "ఎన్నిసార్లు చెప్పిన్రా అడగొద్దని. సార్‌కు ఇనపడదు. అడిగితే సార్ మొఖం చిన్నగయితది."

రమ్య కూడా చూసింది. చేతిలో గింజలు అట్లాగే వదిలేసి నిలబడింది.

ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది. ఏం చెయ్యాలో తోచక, గింజలేరదామన్నట్టు కిందికి వంగాడు. వంగేసరికి ఆ పొద్దుటి నుంచి పడినవన్నీ ఆయన చొక్కా జేబులోంచి జారి వీరూ గింజల్లో కలిసిపోయాయి. ఏవి పిల్లవాడివో, ఏవి సారువో ఇక చెప్పడానికి వీల్లేదు. పంతులు జేబులో గింజలుంటాయని ఆ పిల్లలకు అప్పటిదాకా తెలియదు. అందరూ బల్లలు దిగి చుట్టూ చేరారు.

మత్తయ్య సారు బండల మీద చతికిలబడ్డాడు. పారిపోవడానికి దారి లేదు, కప్పిపుచ్చడానికి మాట లేదు. మూడేళ్లలో మొదటిసారి అడిగాడు.

"ఎప్పటి సంది తెల్సు బిడ్డా?"

ఆయన మోకాలి దగ్గరున్న గింజ ఒకటి మాయమైంది.

రమ్య మైకు తీసి తన నోటి దగ్గర పెట్టుకుంది. "నేను రెండో తరగతిల ఉన్నప్పటి సంది సార్. అందరికి తెల్సు. కొత్తగ చేరినోళ్లకు పలక ఇచ్చిన్నాడే మేమే చెప్తం. సార్‌ను ఏం అడగొద్దు, అడిగితే బాధపడతడని."

ఆయన చదివాడు. ఇరవై ముగ్గురు పిల్లలు తన కోసం జేబులు బరువెక్కించుకొని తిరిగారని అప్పుడర్థమైంది. "మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు. ఇంకో గింజ పోయింది.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి వీరూ వెక్కుతూనే మైకు లాక్కున్నాడు. తెర మీద వచ్చింది: "మీకు తెల్వదేమో అనుకున్నం సార్."

మత్తయ్య సారు ఒక్క క్షణం ఆ మాటను చూసి, పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. సారు నవ్వుతున్నాడని పిల్లలూ నవ్వారు. వీరూను ఒళ్లో కూర్చోబెట్టుకొని, టీవీ వైపు తిరిగి కూర్చుని, "ఇగ అడుగుండ్రి. ఒక్కొక్కరు. ఇందాక లేచినవ్ కదరా, ఏం అడుగుదామని?" అన్నాడు.

"కాలువ బందయినప్పుడు నీళ్లు యాడ పంటయి సార్?"

సాగర్‌లో పంటయి అని చెప్పాడు. ఎట్లా పండుకుంటాయో, గేట్లు ఎవరు మూస్తారో, ఎప్పుడు లేపుతారో చెప్పాడు. గింజ మాయమైంది. మైకు చేతులు మారింది. పల్లీ మట్టి కింద కాస్తే పువ్వు పైన ఎందుకు పూస్తుందో మూడో తరగతి పిల్ల అడిగింది. తాత మాట టీవీకి ఎవరూ ఎందుకు నేర్పలేదో ఇంకొకరు అడిగారు. మూడేళ్ల కిందటి ప్రశ్నలు, నిన్నటి ప్రశ్నలు, ఇప్పుడే పుట్టినవి. కొన్నిటికి చెప్పాడు. కొన్నిటికి "నాకు తెల్వదు, తెలుసుకొని చెప్త" అన్నాడు. అవి మరిచిపోకూడదని రాసుకోవడానికి కాగితం కోసం బ్యాగులో చెయ్యి పెడితే మడతల కాగితం ఒకటి దొరికింది. దాని వెనకవైపు ఖాళీగా ఉంది. ఎర్ర పెన్నుతో రాస్తూ పోయాడు. జానకి వచ్చి అన్నం చల్లారిపోతుందని రెండుసార్లు పిలిచింది. ఒకసారి సారుకు వినపడలేదు, ఇంకోసారి పిల్లలకు వినపడలేదు. మూడో పిలుపుకు అందరూ లేచేసరికి బండలు శుభ్రంగా ఉన్నాయి, కాగితం వెనకంతా నిండిపోయింది.

ఆ సాయంత్రం ఆయన వంతెన మీద బండి ఆపలేదు. నేరుగా ఇంటికి పోయి, ఏసమ్మ కుట్టుమిషన్ ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చుని, "నాకు చెవులు ఇనపడతలేవు ఏసమ్మా" అన్నాడు.

"నాకు తెల్సు," అంది ఏసమ్మ, ఆయన చూసేటట్టు ముఖం ఎత్తి. "నువ్వే చెప్తవని చూసిన. నాకు చెప్తే ఏమయితదనుకున్నవయ్యా?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. లేచేటప్పుడు చూసుకుంటే కొంగు ముడి వదులై ఉంది.

సోమవారం పొద్దున ఎంఈవో ఆఫీసుకు పోయాడు. తెస్తానని చెప్పినవాడు పోకపోతే బాగుండదు కదా. ఎంఈవో శోభారాణి మేడమ్ తుంగతుర్తి వైపు మనిషి, ఆమె సంతకం పెట్టే మెమోలంటే మండలమంతా వణుకు. గింజలు "ఉన్నవి" అని రాసినందుకు ఆయనకు మెమో ఇచ్చింది కూడా ఆమే. "దరఖాస్తు తెచ్చిండ్రా మాస్టారూ?" అని ఎదురుగా అడిగింది. ఆ మాట ఎదురుచూసిందే కాబట్టి అందుకున్నాడు. కాగితం ఆమె చేతికిచ్చాడు.

ఆమె ముందువైపు చదివింది. సీలు కోసం కాగితం తిప్పేసరికి ఎర్ర అక్షరాలు కనపడ్డాయి.

"ఇదేంది? ఆఫీసుకు ఇచ్చే కాగితం మీద గిట్ల రాస్తరా?"

"పిల్లలు అడుగుతుంటే అదొక్కటే చేతికి దొరికింది మేడమ్."

"ఇదెట్ల పనికొస్తది? ఇంకోటి కొట్టించుకొని రాండ్రి."

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకొని, తల వంచి ఆ ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది. వేలు దాని మీద పెట్టి, తలెత్తకుండానే ఏదో అంది. పెదాలు కనపడలేదు. పక్క బల్ల దగ్గర క్లర్కు మాత్రం తలెత్తి ఆశ్చర్యంగా మేడమ్ వైపు చూశాడు.

మత్తయ్య సారు మెడ "అట్లాగే మేడమ్" అన్నట్టు ఊగడానికి సిద్ధమైంది. మూడేళ్ల అలవాటు. దాన్ని ఆపుకున్నాడు.

"జర మళ్లీ చెప్పుండ్రి మేడమ్," అన్నాడు. "నాకు చెవులు ఇనపడవు. మొఖం చూస్తే అర్థమైతది."

శోభారాణి తలెత్తి ఆయన్ని చూసింది. కుర్చీ బల్ల చుట్టూ లాక్కొచ్చుకొని, ఆయన ఎదురుగా కూర్చుని, నింపాదిగా, ఒక్కో మాటా విడిగా అడిగింది.

"మిరపచెట్టుకు కారం మండదా మాస్టారూ? మా అమ్మతోని మిరపకాయలు ఏరబోయినప్పటి సంది నాకు గా అనుమానం ఉంది. ఎవర్నన్న అడిగితే నవ్వుతరని ఊకున్న."

"అది నాకు కూడ తెల్వదు మేడమ్," అన్నాడు మత్తయ్య సారు. "అందుకే రాసుకున్న. అన్నీ తెలుసుకొని పిల్లలకు చెప్పాలె. జర టైమియ్యుండ్రి."

"ఎన్ని రోజులు?"

"ఇంక నాలుగేళ్ల సర్వీసుంది మేడమ్."

శోభారాణి ఆ కాగితాన్ని ఎర్ర అక్షరాలు పైకి వచ్చేట్టు మడిచి, ఆయన చేతికే ఇచ్చేసింది.